టెర్మినళ్ళకి గ్రీజు

మా మావయ్య గారు హనుమయ్య యాభై ఏళ్ళు విజయవాడ ఆటోనగర్లో లారీ ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. ఏ వస్తువు చేతికొచ్చినా ముందు బరువు చూస్తారు, తర్వాత వాసన చూస్తారు, ఆ తర్వాతే ధర అడుగుతారు. కొత్తిమీర కట్టకైనా అదే పద్ధతి. అలాంటి మనిషిని వెంటబెట్టుకుని కంప్యూటర్ సామాన్లు కొనడానికి వెళతానని నేను కలలో కూడా అనుకోలేదు. పోయిన మే నెలలో వెళ్ళాను.

నేను సివిల్ డిప్లొమా చదివాను. పెళ్ళికి ముందూ, పెళ్ళయ్యాక కొన్నేళ్ళూ బెంజి సర్కిల్ దగ్గర ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసులో ప్లాన్లు గీశాను. పాప పుట్టాక మానేశాను. మానేయమని ఇంట్లో ఎవరూ అనలేదు. మళ్ళీ వెళ్ళమని కూడా ఎవరూ అనలేదు. అలా ఎనిమిదేళ్ళు గడిచిపోయాయి.

ఏప్రిల్ ఆఖర్లో సింధూరి ఫోన్ చేసింది. పాత ఆఫీసులో నా పక్క సీటు తనది. ఇప్పుడు గన్నవరంలో సొంత ఆఫీసు పెట్టుకుంది. ఉయ్యూరులో ఎవరో కల్యాణ మండపం కడుతున్నారట. బయటి నుంచి ఒకటి, మెట్ల వైపు నుంచి ఒకటి, లోపలి హాలు ఒకటి, మొత్తం మూడు త్రీడీ బొమ్మలు మే ముప్పై ఒకటికల్లా ఓనరుకి చూపించాలి. బాగా వస్తే నెలనెలా పని ఇస్తానంది. రాకపోతే హైదరాబాదు వాళ్ళకి ఇచ్చేస్తానని కూడా అప్పుడే చెప్పేసింది. సింధూరికి మొహమాటం లేదు. నాకు తనలో నచ్చేదీ అదే.

"నీ చెయ్యి నాకు తెలుసు కీర్తనా. మంచి మిషను ఉందా నీ దగ్గర?" అని అడిగింది.

ఉందని చెప్పాను. ఉన్నది పాప ఆన్‌లైను క్లాసులకి కొన్న పాత లాప్‌టాప్. గీతలు గీయడానికి అది చాలు గానీ, ఆ గీతల్లో వెలుగూ నీడా నింపి ఫోటోలాగా తయారు చేయాలంటే, అంటే మా భాషలో రెండర్ చేయాలంటే, అది మూలిగి ఆగిపోతుంది. నా పాత ఉద్యోగం తాలూకు పీఎఫ్ డబ్బు అరవై రెండు వేలు బ్యాంకులో అలాగే ఉంది. దాన్ని తీసి కంప్యూటర్ కట్టించుకుందామని నిశ్చయించుకున్నాను. ఆ డబ్బు పోతే మళ్ళీ రాదని తెలుసు. ఈ అవకాశం పోయినా మళ్ళీ రాదు. ముప్పై ఆరేళ్ళు వచ్చి, ఎనిమిదేళ్ళు ఇంట్లో కూర్చున్న మనిషికి రెండోసారి ఫోన్ చేసేదెవరు?

మా ఆయన జయకృష్ణ ఉయ్యూరులో ఎరువుల కంపెనీలో పనిచేస్తాడు. పొద్దున్న ఏడింటికి వెళితే రాత్రికి గానీ రాడు. "నాన్నని తీసుకెళ్ళు, బేరం బాగా ఆడతాడు" అన్నాడు. వారం రోజులు వీడియోలు చూసి, ఏ ముక్క ఏ ముక్కకి అతుకుతుందో కాగితం మీద రాసుకున్న నాకు ఆ మాట వినగానే ఒళ్ళు మండింది. కానీ మావయ్య గారు అప్పటికే చొక్కా మార్చుకుని గుమ్మంలో చెప్పులేసుకుంటున్నారు.

షాపు గవర్నర్‌పేటలో, రెండో అంతస్తులో. కౌంటర్ దగ్గర రహ్మాన్ గారు. ఆయన వెనక పొడుగాటి బల్ల ముందు ఆయన కూతురు జుబియా ఏదో కంప్యూటర్ విప్పుతోంది. బీటెక్ అయిపోయిందట, రిపేర్లూ ఫిట్టింగులూ అన్నీ ఆ అమ్మాయే చూస్తుంది. నా జాబితా చూసి రహ్మాన్ గారు లెక్క కట్టారు. డెబ్బై మూడు వేలు తేలింది.

ఎక్కడో తగ్గించుకోవాలి. నా ఆలోచన ఏమిటంటే, ప్రాసెసర్ తగ్గించకూడదు, బొమ్మలకి ప్రాణం గ్రాఫిక్స్ కార్డు కాబట్టి అదీ తగ్గించకూడదు. రంగురంగుల లైట్లు వెలిగే అద్దాల క్యాబినెట్ మీద నాకు మనసు పడింది, దాన్నీ వదలబుద్ధి కాలేదు. ఇక మిగిలింది కరెంటు అందించే డబ్బా, ఎస్‌ఎంపీఎస్. దాంట్లో చౌకది చాలన్నాను.

మావయ్య గారు ఆ డబ్బాలు రెండూ తీయించి, ఒక్కో చేతిలో ఒకటి పెట్టుకుని, చింతపండు తూచినట్టు పైకీ కిందికీ ఆడించారు. చౌకదాన్ని కౌంటర్ మీద పెట్టి పక్కకి నెట్టేశారు.

"ఇందులో సరుకు లేదమ్మా. ఎంత పెద్ద ఇంజనైనా పెట్టు, డీజిల్ పంపు మంచిది కాకపోతే లోడు మీద ఆగిపోద్ది."

రహ్మాన్ గారు నవ్వి, పెద్దాయన చెప్పింది నిజమేనన్నారు. ఎండాకాలం విజయవాడ కరెంటు సంగతి తెలిసినవాళ్ళెవరూ అక్కడ కక్కుర్తి పడరట. నా అద్దాల క్యాబినెట్ పోయి మామూలు ఇనప డబ్బా వచ్చింది. అయినా లెక్క తెగలేదు. అప్పుడు రహ్మాన్ గారు లోపలి నుంచి రెండు సెకండ్‌హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డులు తెచ్చారు. మూసేసిన గేమింగ్ సెంటర్లో కొన్నవట. కొత్తదాంట్లో సగం ధర.

ఇక అక్కడి నుంచి అది కంప్యూటర్ షాపులా లేదు, ఆటోనగర్లా ఉంది. మావయ్య గారు కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. మొదటి కార్డు ఎత్తి వెలుతురుకి పట్టి స్క్రూలు చూశారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పీల్చారు. నేను సిగ్గుతో గోడ మీద క్యాలెండర్ వైపు తిరిగాను.

"దీన్ని ఎవరో విప్పారు. విప్పినోడికి విప్పడం రాదు. స్క్రూ తలలు చూడండి, ఎట్టా నలిపేశాడో."

రహ్మాన్ గారు ఒక్క క్షణం ఆయన వైపు చూసి, అవునన్నారు. దానికి ఫ్యాన్లు మార్చారట, అడిగితే చెబుదామనుకున్నారట. రెండోదానికి స్క్రూలు శుభ్రంగా ఉన్నాయి, మాడు వాసన లేదు. దానికి మూడు నెలలు తన మాట మీద గ్యారంటీ ఇస్తానన్నారు రహ్మాన్ గారు. పాత మానిటర్ ఒకటి కూడా కలిపి అరవై ఒక్క వేలకి లెక్క తెగింది. మావయ్య గారి ముక్కు మీద నాకు ఆ రోజు మొదటిసారి గౌరవం కలిగింది.

సామాన్లన్నీ జుబియా సాయంత్రంలోపు బిగించి ఇస్తుందని, దానికి పదిహేను వందలని రహ్మాన్ గారు అన్నారు. మావయ్య గారికి అవమానమైనట్టయింది. బిగించడానికి మనం డబ్బులివ్వడమేమిటమ్మా అన్నారు. జుబియా నన్ను పక్కకి పిలిచి అన్నీ చెప్పింది. ప్రాసెసర్ అమర్చి దాని వీపు మీద వేడి లాగే పేస్టు శనగగింజంత పెట్టాలి, ఆ పైన ఫ్యాను బిగించాలి, అంతే. పేస్టు ఎక్కడంటే అక్కడ అంటనివ్వొద్దని రెండుసార్లు చెప్పింది. మావయ్య గారు అప్పుడు ఆ చౌక డబ్బా ఎవరు కొంటారని రహ్మాన్ గారిని అడుగుతున్నారు.

మర్నాడు హాల్లో పాత దుప్పటి పరిచి అన్నీ దాని మీద పెట్టాం. పాపని డ్యాన్సు క్లాసు నుంచి తీసుకొచ్చేదాకా ఆగమని మావయ్య గారికి చెప్పి వెళ్ళాను. వచ్చేసరికి ప్రాసెసర్ అమర్చేసి, ఫ్యాను బిగించేసి, వైర్లు సర్దుతున్నారు. చెయ్యి ఊరుకోలేదమ్మా అన్నారు. నాకు కోపం రావలసింది, కానీ రాలేదు. అంత శుభ్రమైన పని నేను ఏ వీడియోలోనూ చూడలేదు. వైర్లన్నీ జడ అల్లినట్టు ఒక్క వరసలో ఉన్నాయి. చాలా బాగుందని మనస్ఫూర్తిగా అన్నాను. స్విచ్ వేశాం. ఫ్యాన్లు తిరిగాయి. మానిటర్ నల్లగా ఉండిపోయింది.

మూడు రోజులు నేను చెయ్యని ప్రయత్నం లేదు. ర్యామ్ తీసి పెట్టాను, కేబుళ్ళు మార్చాను, జుబియాకి ఫోన్ చేశాను. తీసుకొచ్చేయండక్కా అంది. మావయ్య గారు ఒప్పుకోలేదు. మన చేతిలో ఆగిన బండిని ఇంకో షెడ్డుకి తోలతామా అన్నది ఆయన వాదన. మూడో రోజు సాయంత్రం సింధూరి ఫోన్ చేసి పని ఎంతవరకు వచ్చిందని అడిగింది. నడుస్తోందని చెప్పి ఫోన్ పెట్టేసి, ఆ విసురంతా మావయ్య గారి మీద చూపించాను.

"ఇది మీ లారీ కాదు మావయ్య గారూ. మీ పంతానికి నా పని పోయేట్టుంది."

పన్నెండేళ్ళలో ఆయనకి నేను ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఆయన రాత్రి మజ్జిగన్నం సగంలో వదిలేసి లేచారు. అనకుండా ఉండాల్సిందని నాకు వెంటనే అనిపించింది. వెళ్ళి ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

పొద్దున్న మా ఆయన వెళ్ళిపోయాక చూస్తే హాల్లో కంప్యూటర్ లేదు, మావయ్య గారూ లేరు. ఫోన్ చేస్తే ఆయన ఫోను టీవీ మీదే మోగింది. ఎక్కడికి వెళ్ళుంటారో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. పాపని పక్కింటి మణెమ్మ గారికి అప్పగించి ఆటో ఎక్కాను.

షాపులో జుబియా బల్ల పక్కన మావయ్య గారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. బల్ల మీద గుడ్డ పరిచి ఉంది, దాని మీద ప్రాసెసర్ బోర్లా పెట్టి ఉంది. దాని అడుగున బంగారు రంగు చుక్కలు వందలకి వందలు ఉండాలి. ఒక్కటీ కనిపించడం లేదు. అంతా బూడిదరంగు పేస్టు.

చూడగానే నాకు అర్థమైంది. ఆటోనగర్లో ఎవరు బ్యాటరీ బిగించినా టెర్మినళ్ళకి కాస్త గ్రీజు పూస్తారు, తుప్పు పట్టకుండా. అది పనివాడి శుభ్రం. ఆయన ఆ చుక్కల్ని చూశారు. మా కృష్ణా గాలికి ఇనుమే ఆగదు, ఇంత సన్నటి చుక్కలు ఏమైపోతాయోనని జాలిపడి, ట్యూబులో మిగిలిన పేస్టంతా వాటికి పూశారు. ఎవరి దగ్గరో డబ్బులు తీసుకుని చేసే పనైతే అంత శ్రద్ధ పెట్టేవారు కాదు. కోడలి బండి కదా అని పెట్టారు.

ఇది ఎవరు చేశారండీ, కంపెనీ వాళ్ళకి రాయాలంటే తెలియాలి అని రహ్మాన్ గారు అడిగారు. నేనే చేశానని చెబుదామని నోరు తెరిచాను. మావయ్య గారు నాకంటే ముందు మాట్లాడారు.

"తప్పు నాదండి. టెర్మినల్స్ అనుకున్నాను. తుప్పు పడతాయని గ్రీజు పెట్టాను. మా అమ్మాయికి తెలీదు."

యాభై ఏళ్ళలో ఎంతమంది ఓనర్లు, ఎంతమంది డ్రైవర్లు ఆయనతో గొడవ పడ్డారో నేను కథలు కథలుగా విన్నాను. ఏ కథలోనూ ఆయన తప్పు లేదు. అలాంటి మనిషి, పాతికేళ్ళు నిండని పిల్ల ముందు నిలబడి ఆ మాట అన్నారు. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను.

కంపెనీ దీన్ని మార్చదని రహ్మాన్ గారు దాచకుండా చెప్పారు. ప్రాసెసర్ కూర్చునే బోర్డు పోయిందంటే బోర్డు, ప్రాసెసర్ పోయిందంటే ప్రాసెసర్ కొనుక్కోవాలి. నా దగ్గర వెయ్యి రూపాయలున్నాయి. జుబియా మాత్రం చిన్న సీసాలో స్పిరిట్, మెత్తటి బ్రష్షు, భూతద్దం తెచ్చుకుని కూర్చుంది. చుక్కలు తుడవడం తేలికే. కష్టమంతా బోర్డులో ఉంది. వెంట్రుకల్లాంటి పిన్నులు, వాటి సందుల్లోకి పేస్టు దిగిపోయింది. ఒక్కటి వంగినా అంతే సంగతులు.

"తాతగారూ, కొంచెం ఈ లైటు పట్టుకుంటారా? కదలకూడదు."

ఆయన పట్టుకున్నారు. గంటన్నర పట్టింది. అరవై తొమ్మిదేళ్ళ చెయ్యి ఆ గంటన్నరలో ఒక్కసారి కూడా వణకలేదు. జుబియా ఏ వరసకి వెళితే వెలుతురు ఆ వరసకి అడగకుండానే జరిగేది. మధ్యలో రహ్మాన్ గారు టీ తెప్పించారు. ఇద్దరి టీలూ చల్లారిపోయాయి. నేను మాత్రం తాగాను. ఆ భయంలో టీ ఎలా తాగానో నాకిప్పటికీ తెలీదు.

అన్నీ తిరిగి అమర్చి జుబియా స్విచ్ నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి. నేను లోపల లెక్కపెట్టుకుంటున్నాను. తొమ్మిది దగ్గర మానిటర్ మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. మావయ్య గారు వాటి వైపు చూడలేదు. నా వైపు చూశారు. చూసుకోమ్మా అన్నారు.

ఆయన జేబులోంచి పదిహేను వందలు తీసి బల్ల మీద పెట్టారు. రహ్మాన్ గారు వాటిని ముట్టుకోలేదు.

"మా నాన్న ఆటోనగర్లో రేడియేటర్ల పని చేసేవారండీ. మెకానిక్ దగ్గర మెకానిక్ లేబర్ తీసుకోడు కదా."

ఆ కట్టుబాటు మావయ్య గారికి తెలియనిది కాదు. డబ్బు జేబులో పెట్టుకుని, రహ్మాన్ గారికీ జుబియాకీ ఇద్దరికీ నమస్కారం పెట్టారు. ఆ ఆదివారం మళ్ళీ ఒక్కరే వెళ్ళి, రహ్మాన్ గారి పాత స్కూటర్‌కి కార్బురేటర్ విప్పి శుభ్రం చేసి వచ్చారని తర్వాత తెలిసింది.

తిరుగు ఆటోలో కంప్యూటర్ మా ఇద్దరి మధ్య కూర్చుంది. నిన్న అన్న మాటకి ఏమీ అనుకోవద్దని అన్నాను. నువ్వన్నది నిజమే, ఇది లారీ కాదన్నారు. బందరు రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు ఆయన నెమ్మదిగా అడిగారు.

"ఇంతకీ దీంట్లో నువ్వు ఏం చేస్తావమ్మా?"

ఆ ఇంట్లో ఆ ప్రశ్న నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. కట్టబోయే మండపాన్ని కట్టేసినట్టు చూపిస్తానని చెప్పాను. స్తంభం మీద పొద్దున ఎండ ఎటు పడుతుందో, పెళ్ళివారు మెట్లెక్కి వస్తుంటే హాలు ఎలా కనిపిస్తుందో ముందే తెలుస్తుందన్నాను. ఇంకా కట్టకుండానేనా అన్నారు. కట్టకుండానే అన్నాను. పటమటలో మా ఇల్లు వచ్చేదాకా ఆయన అడుగుతూనే ఉన్నారు, నేను చెబుతూనే ఉన్నాను. ఆటో దిగాక కూడా గేటు దగ్గర నిలబడి అడిగారు.

పని మొదలుపెట్టాను. చెయ్యి మరిచిపోలేదు. రెండు రోజులు తడబడింది, మూడో రోజుకి దారిలో పడింది. ఇరవై ఆరో తారీకు మధ్యాహ్నం మొదటి బొమ్మ రెండర్‌కి పెట్టాను. రోహిణి కార్తె. హాల్లో ఫ్యాను వడగాలి కొడుతోంది. గంట గడిచేసరికి మిషను వేడెక్కి దానంతటదే ఆగిపోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఆగిపోయింది. మిగిలింది అయిదు రోజులు.

మా ఇంట్లో ఏసీ ఒక్కటే, అది మావయ్య గారి గదిలో ఉంది. రెండేళ్ళ కిందట ఎండకి కళ్ళు తిరిగి పడిపోయాక డాక్టరు చెబితే పెట్టించాం. నేను అడగలేదు. అడగాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. పాపకి అన్నం పెట్టి వచ్చేసరికి ఆయన మడతమంచం హాల్లోకి వచ్చేసింది, నా బల్ల ఆయన గదిలోకి వెళ్ళిపోయింది.

మీరు అందులోనే పడుకోండి, నాకేం ఇబ్బంది లేదని బతిమాలాను. పనిచేసుకునే చోట ముసలాడు గురక పెడుతుంటే ఏం బాగుంటుందన్నారు. డాక్టరు మాట గుర్తుచేశాను. ఆ చలికి మోకాళ్ళు పట్టేస్తున్నాయని, ఎప్పటి నుంచో చెబుదామనుకుంటున్నానని అన్నారు. పచ్చి అబద్ధం. పొద్దున్న పదకొండు కొట్టగానే ఏసీ రిమోట్ కోసం వెతికే మనిషి. ఆయన అబద్ధమాడుతున్నారని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు. కూలర్‌లో నీళ్ళు నింపి ఆయన మంచం పక్కన పెట్టి, తలుపు వేసుకుని పనిలో కూర్చున్నాను. అయిదు రోజులూ పగలంతా ఆ గది నాది. చీకటి పడ్డాక ఆయనది.

మధ్యలో రెండుసార్లు కరెంటు లో వోల్టేజీకి పడి, ఇంట్లో ట్యూబులైట్లన్నీ కొట్టుకున్నాయి. మిషను ఆగలేదు. ఆ బరువైన డబ్బాకి దండం పెట్టుకున్నాను.

ముప్పై ఒకటి పొద్దున్న పదింటికి మూడు బొమ్మలూ పంపించాను. సాయంత్రం దాకా సింధూరి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆరింటికి ఫోన్ వచ్చింది. ఓనరు మెట్ల వైపు బొమ్మ చూసి, వంటవాళ్ళ దారి అటు రాకూడదని, పునాది తీయకముందే తెలిసింది కాబట్టి బతికిపోయామని అన్నాడట. జూన్ నుంచి నెలకి రెండు ప్రాజెక్టులు పంపిస్తానంది. ఫోన్ పెట్టేసి హాల్లోకి వచ్చాను. మావయ్య గారు మంచం మీద లేచి కూర్చున్నారు. బండి రోడ్డెక్కిందా అని అడిగారు. ఎక్కిందండీ అన్నాను. ఆయన తల ఊపి, కూలర్ ఆపి, పాపని తీసుకుని ఐస్‌క్రీం కొనడానికి వెళ్ళారు.

జూన్ రెండో వారంలో ఒక రోజు పదకొండు గంటలవేళ శౌరయ్య గారు వచ్చారు. ఆటోనగర్లో మావయ్య గారి పక్క షెడ్డు ఆయనది. మావయ్య గారి గదిలో నేను పనిలో ఉన్నాను, తలుపు దగ్గరగా వేసి ఉంది. కోడలు ఊళ్ళో లేదా, కాఫీ వాసనే లేదేంటని శౌరయ్య గారు అడగడం వినిపించింది.

"ఉంది. డ్యూటీలో ఉంది" అన్నారు మావయ్య గారు.

"డ్యూటీ ఎక్కడ? ఇంట్లోనే కదా?"

"ఇంట్లోనే. డ్యూటీలో ఉంది. కూర్చో, నేను కలుపుతా."

వంటింట్లో గిన్నెలు చప్పుడయ్యాయి. స్టవ్ వెలిగించడానికి నాలుగుసార్లు ప్రయత్నించారు. డబ్బా తర్వాత డబ్బా మూత తీస్తున్నారు. పంచదార పై అరలో పెసరపప్పు వెనక ఉంటుంది, ఆయనకి తెలీదు. చెబుదామని అలవాటు కొద్దీ లేచి తలుపు దాకా వెళ్ళాను. గడియ మీద చెయ్యి వేసి, అక్కడే కాసేపు నిలబడ్డాను. తర్వాత వెనక్కి వచ్చి కూర్చుని, కళ్ళు తుడుచుకుని, మానిటర్ మీద ఉన్న ఇంటి వరండాకి ఎండ ఎటు నుంచి రావాలో చూసుకోవడం మొదలుపెట్టాను.